యురేనియం సరిసగంగా చీలిన రోజు

ఆ రోజుల్లో సింగపూర్‌లో తెలుగు కుర్రాడు ఎదురుపడితే ఏం చేస్తున్నావని ఎవరూ అడిగేవారు కాదు, ఏ కంపెనీ అనే అడిగేవారు. సంవత్సరాన్ని చివరి రెండంకెలతోనే రాసుకున్న కంప్యూటర్లు రెండువేలు రాగానే తేదీలు తప్పు లెక్కగట్టి కుప్పకూలతాయని లోకమంతా భయం. పాత ప్రోగ్రాములు సరిదిద్దేవాళ్లకు రాజయోగం. నేనేమో యూనివర్సిటీలో అణుకేంద్రకాల మీద పరిశోధన చేస్తున్నానంటే సెరంగూన్ రోడ్డులో పచ్చళ్లమ్మే ఆంటీ జాలిపడి ఒక గరిటె ఎక్కువ వేసేది. సెంబవాంగ్‌లో నాతో ఫ్లాట్ పంచుకున్న గుంటూరాయన (చుట్టరికమేమీ లేదు, అందరూ బావ అంటారు గనుక నేనూ అన్నాను) ఆ తేదీల పనిలోనే ఉండేవాడు.

యురేనియం లాంటి బరువైన కేంద్రకం చీలితే ముక్కలు ఎంతెంతవి వస్తాయో కంప్యూటర్‌తో లెక్కగట్టడం నా పని. కేంద్రకం ఒట్టి నీటిబొట్టే అయితే ఎక్కువగా సగానికి సగం చీలాలి. కానీ లోపల ప్రోటాన్లు, న్యూట్రాన్లు అరలు అరలుగా సర్దుకుంటాయి. ప్రోటాన్లు యాభై, న్యూట్రాన్లు ఎనభై రెండు అయ్యేసరికి అరలు నిండి కేంద్రకం గట్టిపడుతుంది. ఆ గట్టిదనం వైపు మొగ్గి ఒక ముక్క పెద్దదై, రెండోది చిన్నదవుతుంది. గ్రాఫులో రెండు మూపురాలు రావాలి.

సెమినార్ రోజు పొద్దున ఇంటి దగ్గర్నుంచి తెచ్చిన ఫ్లాపీ పెట్టి ప్రోగ్రాం నడిపితే ఒకే మూపురం వచ్చింది, నడిమధ్యలో. మళ్లీ నడిపాను, మళ్లీ అదే. సెమినార్ నచ్చితేనే యూనివర్సిటీలో ఇంకో ఏడాది ఉండనిస్తారు. భయం కాస్త తగ్గాక, పాఠ్యపుస్తకాలన్నీ తప్పని తేల్చింది నేనేనేమో అన్న అనుమానం మొదలైంది (ఆ వయసులో అలాంటి అనుమానాలు తొందరగా బలపడతాయి). అదే గ్రాఫు తెర మీద వేశాను.

మా ప్రొఫెసర్, మెల్లగా మాట్లాడే చైనీస్ ఆవిడ, తెర వైపు చూసి "హౌ కెన్?" అంది, ఇదెలా కుదురుతుందని. ప్రోగ్రాం కాగితాలు తెప్పించుకుని చదువుతూ ఒకచోట వేలు ఆపి, ఏ కేంద్రకంలో పంతొమ్మిది వందల ఎనభై రెండు న్యూట్రాన్లుంటాయో చెప్పమంది. రెండు వందలు కూడా ఉన్నది నేనెరగను, ఇక ప్రోగ్రాంలో అరలు నిండేదెక్కడ.

ఫ్లాపీ ఇంట్లో ఉండగా దాన్ని ముట్టుకోగలిగింది ఒక్కడే గనుక వరండాలోకి వెళ్లి బావకు ఫోన్ చేశాను.

"చెప్పడం మర్చిపోయా, నిన్న నీ ప్రోగ్రాం కూడా శుభ్రం చేశాలే" అన్నాడు తృప్తిగా. "యాభై, ఎనభై రెండు అని రెండంకెల్లో ఉంటే ముందు పంతొమ్మిది తగిలించా. జనవరి ఒకటిన నీ యురేనియం ఆగిపోకూడదు గదా."

లోపలికెళ్లి ఉన్నదున్నట్టు చెబితే గదంతా గొల్లున నవ్వింది, ప్రొఫెసర్ తప్ప. అంకెలు సరిచేసి అప్పటికప్పుడు నడపమంది. రెండు మూపురాలూ వచ్చాయి. ఆవిడ రెండు గ్రాఫులూ పక్కపక్కన పెట్టి, అరలు లేకపోతే ఇది, ఉంటే ఇది, ఇంతకంటే బాగా ఎవరూ చూపించలేరు, రెండూ ఉంచుకోమంది. ఇంకో ఏడాది ఉండనిచ్చారు కూడా.

ఆ తర్వాత నేనూ సాఫ్ట్‌వేర్‌లోకే వచ్చేశాను. ఇప్పుడు ఏ ప్రోగ్రాం ఎలా తగలడినా టీ తాగుతూ చూస్తాను. భౌతికశాస్త్రాన్ని తలకిందులు చేశానని ఒక పూటంతా నమ్మిన ఆ బక్కపలచని కుర్రాడు మాత్రం అప్పుడప్పుడూ గుర్తొచ్చి నవ్వొస్తుంది. అంతగా నిర్ఘాంతపోవడం మళ్లీ నాకు చేతకాలేదు.