తిప్పన్న సారు సవరణలు

మొన్న మా ఊరి తీన్ కందిల్ చౌరస్తా దగ్గర జొన్న రొట్టెలు కొన్నాను. పెనం మీద నుంచి తీసిన రొట్టెలను రొట్టెలామె పాత పేపరులో చుట్టి ఇస్తూ, "ఇగ రేపటికెల్లి డబ్బా తెచ్చుకో అక్కా. రద్దీ పేపరు గూడ దొరుకుతలేదు. ఎవ్వరింట్ల పేపరు ఏపిచ్చుకుంటలేరు" అని సణిగింది. ఇంటికి వెళ్ళేదాకా ఆగలేక ఆటోలోనే పొట్లం విప్పాను. రొట్టెల వేడికి సిరా వాసన గుప్పున లేచింది. ఆకలి సంగతి మరిచి, ఆ వాసన పీలుస్తూ కూర్చున్నాను. మా తిప్పన్న సారు చొక్కా ఎప్పుడూ అదే వాసన వేసేది.

రాయచూరులో పత్తి విత్తనాల దుకాణం మీది మేడలో ఆయన నాలుగు పేజీల దినపత్రిక నడిపేవారు. మూడు పేజీలు కన్నడం, నాలుగోది తెలుగు. బజారులో మా వంటి తెలుగు వ్యాపార కుటుంబాల కోసం, సరిహద్దు పల్లెల కోసం ఆ నాలుగో పేజీ. దాన్ని చూసుకునే పని నాకిచ్చారు. మా నాన్న కిరాణా దుకాణంలో పప్పు, బెల్లం కట్టేది కూడా ఆ పత్రికలోనే. "మా బిడ్డ పొట్లాల కాయితం రాసెటందుకు పోతుంది" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వేవాడు. నాకేమో ఉక్రోషం. ఆ ఉక్రోషంలోనే కొంత తొందరపాటు కూడా పెరిగిందేమో.

సారుకు ఒక పద్ధతి ఉండేది. పత్రికలో తప్పు పడితే మర్నాడు అదే చోట, అంతే పెద్ద అక్షరాల్లో సవరణ వేయాలి. అంతటితో అయిపోదు. తప్పు రాసినవాళ్ళే ఆ పత్రిక పట్టుకుని, ఎవరి గురించి తప్పు రాశారో వాళ్ళింటికి వెళ్ళి, సవరణ పైకి చదివి వినిపించాలి. చేరిన కొత్తలో ఇదేం చాదస్తమని అడిగేశాను. ఆయన సాసరులో చాయ్ పోసుకుంటూ, "మన తప్పు వాళ్ళింట్లకు నడిచిపోయింది గద బిడ్డా. మరి ఒప్పు ఎట్ల పోవాలె?" అన్నారు. విన్నాను కానీ ఆ మాట నా తలకెక్కలేదు.

అప్పటికే అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చేశాయి. పొద్దున పత్రిక చేతిలో పెడితే బజారులో వాళ్ళు, "ఇది నిన్ననే ఫోన్ల చూసినం గద తల్లీ" అనేవారు. నాకు ఒళ్ళు మండేది. ఒక్కసారైనా ఆ ఫోన్లను ఓడించాలని పంతం. ఒక సాయంత్రం గబ్బూరు దారిలో ట్రాక్టరు బోల్తా పడిందనీ, ఈరప్ప అనే రైతు చనిపోయాడనీ వాట్సాప్‌లో ఫోటోతో సహా వచ్చింది. ఆసుపత్రికి ఫోన్ చేసి కనుక్కోవలసింది. ఆ కాస్త ఆలస్యం కూడా భరించలేక వార్త వేసేశాను. నిజానికి ఈరప్పకు కాలు విరిగింది, అంతే.

తెల్లవారి పత్రిక కట్టలు బస్సులెక్కి వెళ్ళిపోయాక సంగతి తెలిసింది. వాట్సాప్‌లో పెట్టినవాడు ఆ ముక్క తుడిచేసి చేతులు దులుపుకున్నాడు. మా పత్రిక మాత్రం గబ్బూరు హోటలు బల్ల మీద పరుచుకుని ఉంది. అది చూసినవాళ్ళెవరో ఫోన్ చేస్తే ఈరప్ప కూతురు అత్తవారి ఊరి నుంచి గుండెలు బాదుకుంటూ బయలుదేరింది. నేను వెళ్ళి సారు ముందు నిలబడ్డాను. ఆయన తిట్టలేదు. "సవరణ రాసుకరా" అన్నారు. రాసిచ్చాను. చదివి కళ్ళద్దాలు తీశారు. "'పొరపాటున ప్రచురితమైనది' అని రాస్తివి. ఎవల పొరపాటు? పేపరు తనంతట తానే రాసుకున్నదా?" ఆ వాక్యంలో నా పేరు పెట్టించారు.

మర్నాడు ఇద్దరం గబ్బూరులో ఈరప్ప ఇంటికి వెళ్ళాం. ఈరప్ప నులక మంచం మీద కాలికి కట్టుతో పడుకుని ఉన్నాడు. నేను నిలబడి, నా పేరుతో సహా సవరణ చదివాను. ఈరప్ప భార్య గడపలో కూర్చుని అంతా విన్నది. "నా బిడ్డ దారి పొడుగూత ఏడ్సుకుంట వచ్చె. ఆ ఏడుపు గూడ సవరిస్తవా తల్లీ?" అని అడిగింది. ఈరప్పే కల్పించుకుని, "ఉండు లేవే! బతికినోన్ని సచ్చిండంటె ఆయుస్సు పెరుగుతదంటరు. ఈ తల్లి నాకు పదేండ్లు పెంచె" అని నవ్వాడు. ఆమె నవ్వలేదు కానీ లేచి వెళ్ళి మాకు మజ్జిగ తెచ్చింది. తిరుగు బస్సులో, రాయచూరు దగ్గర పడ్డాక సారు అన్నారు. "ఆయన అన్నది మరిచిపోయినా పర్వాలేదు. ఆమె అడిగింది మాత్రం మరువకు."

ఆ తర్వాత పత్రిక మరో నాలుగేళ్ళు నడిచిందేమో. నడిచింది అనడం కంటే కుంటింది అనాలి. మంగలి షాపుల వాళ్ళు పత్రిక వేయించుకోవడం మానేశారు. ఏజెంట్లు ఒక్కొక్కరే తప్పుకున్నారు. పెళ్ళి ప్రకటనలు, దుకాణాల ప్రకటనలు ఫోన్లలోకి వెళ్ళిపోయాయి. ఇద్దరు పట్టి బస్సెక్కించే కట్టను డ్రైవరు ఒంటిచేత్తో తన సీటు పక్కన పెట్టుకునే రోజులు వచ్చాయి. సారు ఎవరినీ నిందించలేదు. ఒక సోమవారం మమ్మల్ని కూర్చోబెట్టి, వచ్చే శనివారం ఆఖరి సంచిక అని చెప్పారు.

ఆఖరి సంచిక ప్రతి పేజీనీ ఆయన మూడుసార్లు చదివారు. ఎందుకంత అవస్థ అంటే, "రేపు పేపరు లేదు బిడ్డా. ఇయ్యాల తప్పు పడితె దిద్దెటందుకు జాగ లేదు" అన్నారు.

అక్షరాల్లో తప్పు పడలేదు. ఫోటోలో పడింది. అదీ నా పేజీలోనే. మస్కి సంతకు ఆటో నడిపే నాగమ్మ మీద నేను కథనం రాశాను. ఆమె పుట్టిల్లు తెలుగు మాట్లాడే సరిహద్దు పల్లె. ఫోటోలు తీస్తుండగా ఆమె చెల్లెలు సరదాకు డ్రైవరు సీట్లో కూర్చుంటే ఆ పిల్లనూ తీశాను. పత్రికలో పడింది ఆ ఫోటోనే. మధ్యాహ్నం నాగమ్మ ఫోన్ చేసింది. "ఆటో స్టాండుల అందరికి పేపరు కొనుమని చెప్తి అక్కా. ఇప్పుడు మొగోళ్ళందరు మా చెల్లెకు సలాం కొడుతున్రు. నడిపేది నువ్వు కానే కాదంట అని నన్ను ఆటపట్టిస్తున్రు" అంటూ నవ్వబోయి ఏడ్చేసింది.

సారుకు చెప్పాను. ఆయన అప్పటికే బీరువాలు ఖాళీ చేస్తున్నారు. చేతిలోది అక్కడే పెట్టి, మెట్లు దిగి ప్రెస్సుకు వెళ్ళి సవరణ పేజీ ఒక్క ప్రతి అచ్చు వేయమన్నారు. అక్కడ మిషను నడిపే ఖాజా భాయి తెల్లబోయాడు. "ఏక్ కాపీ కోసం అచ్చు ప్లేటా సాబ్? దీవానే హో గయే క్యా, పిచ్చి లేసిందా?" నేనూ ఊరుకోలేదు. తప్పు అందరికీ వెళ్ళింది, ఒప్పు ఒక్కరికి ఇస్తే సరిపోతుందా అన్నాను. "అందరికిచ్చే బలం ఇగ మనకు లేదు. ఆమెకన్న ఇద్దాం" అన్నారు సారు. మర్నాటి తేదీతో నాలుగో పేజీ ఒక్కటే తయారయింది. పాత ఫోటో ఉన్న చోట, అంతే సైజులో, హ్యాండిల్ పట్టుకున్న నాగమ్మ. కింద నా పేరుతో సవరణ. కాగితం రెండో వైపంతా తెల్లగా ఉంది.

మర్నాడు సారుతో కలిసి వెళ్ళి, మస్కి ఆటో స్టాండులో అందరి ముందూ చదివాను. నాగమ్మ ఆ కాగితాన్ని తన సీటు మీద పరిచి, ఫోన్‌తో ఫోటో తీసి స్టాండు గ్రూపులో పెట్టింది. అక్కడున్న ఫోన్లన్నీ ఒకేసారి మోగాయి. పక్కనే కాగితం ఉన్నా దానివైపు ఎవరూ చూడలేదు. అందరూ తలలు వంచి తమ తమ ఫోన్లలోనే నాగమ్మను చూశారు. సారు మనసు చివుక్కుమని ఉంటుందని భయంగా ఆయన వైపు తిరిగాను. ఆయన మొహం వెలిగిపోతోంది. "మన జిందగీల ఎన్నడన్న ఇంత జల్ది పేపరు పంచినమా బిడ్డా?" అన్నారు. కళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి. ప్రతి సంచికనూ బైండు చేయించి దాచిన మనిషి కదా, ఫైలులో పెట్టుకునేందుకు ఇంకో కాపీ లేదే అని గుర్తు చేశాను. "ఆమె ఇంట్ల ఉంటది తీయి" అన్నారు.

సారు పోయి రెండేళ్ళయింది. నేనిప్పుడు ఫోన్లలో వచ్చే వార్తలే రాస్తున్నాను. తప్పు పడితే బొటనవేలితో నొక్కి మాయం చేయవచ్చు, అడిగేవాడు లేడు. ఆ వేలు ప్రతిసారీ ముందుకు వెళ్తుంది, అబద్ధమెందుకు. అయినా తప్పును అక్కడే ఉంచి, దాని కిందే నా పేరుతో సవరణ రాసి, చెప్పులు వేసుకుని బయలుదేరతాను. పోయిన నెల అలాగే హట్టిలో ఒక ఇంటికి వెళ్ళి చదివి వినిపించాను. ఆ ఇంటి పెద్దాయన ఆశ్చర్యంగా చూసి, "ఈ ముక్క కోసం ఇంత దూరం వస్తివా? ఎవలు పంపిన్రు తల్లీ?" అని అడిగాడు.

మా సారు పంపారని చెప్పాను. దానికి మాత్రం సవరణ వేయను.