కండె నోట మాగిన పండు వాసన

మొన్న జంతువుల దవాఖానలో డాక్టరమ్మ మా ముసలి పిల్లి నోరు తెరిచి పట్టుకుని, కాకా, మీరూ ఒకసారి వాసన చూడండి అన్నప్పుడు, ఇంతమంది ముందు పిల్లి నోటి దగ్గర ముక్కు పెట్టడమేమిటని మొహమాటపడుతూనే వంగాను గాని, తల ఎత్తేసరికి నేను సూరత్‌లో లేను. నలభై ఏళ్లకు పైగా కిందటి ఒక మధ్యాహ్నం భుసావల్ స్టేషన్‌లో, అరటిపండ్ల గంపల పక్కన, మా మేనమామ తలను నా భుజానికి ఆనించుకుని కూర్చుని ఉన్నాను. అదే వాసన. బాగా మాగి, ఇంకొక్క పూట ఆగితే కుళ్లిపోయే పండు వాసన.

నా ఈడువాళ్లలో చాలామంది మగ్గాల పనికి బండెక్కి ఈ ఊరు వచ్చినవాళ్లే గనుక, పిల్లికీ మగ్గానికీ ఉన్న చుట్టరికం వాళ్లకు తెలుసు. గంజి పట్టించిన నూలంటే ఎలుకలకు మహా ప్రీతి, ఒక్క రాత్రిలో పడుగంతా కొరికి పెడతాయి, అందుకని ఏ కార్ఖానాలో చూసినా ఒక పిల్లి తిరుగుతుండేది, సేఠ్ కూడా దాని పాలకు అడ్డు చెప్పేవాడు కాదు. నేను చివరగా పనిచేసిన కార్ఖానాలో ఒక పిల్లి కండెల గంపలోనే ఈనింది. ఆ ఈతలో బతికిన ఒక్క కూన, కండెల మధ్య తానూ ఒక కండెలాగా చుట్టుకుని పడుకునేది కాబట్టి దానికి కండె అనే పేరు పడింది. కండె అంటే మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే నూలు చుట్టిన పుల్ల అని మా అమ్మాయికే విడమరచి చెప్పవలసి వచ్చింది, ఇక బయటివాళ్ల సంగతి చెప్పాలా. తర్వాత సేఠ్ పాత మగ్గాలను తుక్కుకు అమ్మి ఊరి బయట కిమ్ వైపు కొత్త యంత్రాలు పెట్టుకున్నాడు. నాకు పని పోయింది, కండెకు కాపలా పోయింది, ఇద్దరం కలిసి అమ్రోలిలోని ఈ రెండు గదుల ఫ్లాటుకు చేరాం.

ఆ కండెకు రెండేళ్ల కిందట షుగర్ ఉందని తేలింది. గల్లీ అంతా నవ్వింది. పక్కింటి గుజరాతీ బెన్ అయితే, తమ ఇంటి తియ్యటి పప్పు నాకి నాకి తెచ్చుకుందేమోనని ఒకటే వేళాకోళం. నేను ఊరుకోలేక, పిల్లి నాలుకకు తీపి రుచే తెలియదమ్మా, ఇది పుస్తకంలో చదివిన మాట అని వివరించబోయాను. మా ఇంటావిడ నా చొక్కా పట్టి లోపలికి లాగి, "చాలు తియ్యి, నీ పుస్తకాలు ఆమెకెందుకు, పిల్లికి సూది ఎవరిస్తరో గది చెప్పు" అంది. చివరకు ఆవిడే ఇచ్చింది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, బియ్యంలో రాళ్లు ఏరినంత నిమ్మళంగా.

నా పుస్తకాల గొడవ కూడా ఇక్కడే చెప్పుకోవాలి. బడిలో నేను చదివింది కొద్దిగానే. ఆ తర్వాతి చదువంతా ఈ ఊళ్లో మనవాళ్లు పెట్టుకున్న చదువుల గదిలోనే జరిగింది. ఒక మేడ మెట్ల కింద చిన్న గది, రెండు బీరువాలు, ఒక బల్ల, ఊరి నుంచి ఆలస్యంగా వచ్చే తెలుగు పేపరు. సెలవు దొరికితే తోటివాళ్లు సినిమాకు పోయేవాళ్లు, నేను ఆ బీరువాల ముందు కూర్చునేవాణ్ణి. నక్షత్రాల గురించి, తేనెటీగల గురించి, మనిషి గుండె గురించి అట్టలూడిన పుస్తకాలు ఎన్ని చదివానో. అవి చదివినందుకు నాకు ఇప్పటికీ కొంచెం గర్వమే, దాచుకోవడమెందుకు. నన్ను మొదట ఆ గదికి తీసుకుపోయింది మా మేనమామ. తనకు అక్షరం రాదు. నన్ను పేపరు ముందు కూర్చోబెట్టి, "ఏం రాసిండ్రో జర సదువు అల్లుడా" అని, తాను కళ్లు మూసుకుని వినేవాడు. వానల కబురు వచ్చినచోట రెండోసారి చదివించేవాడు.

నన్ను ఊరి నుంచి తెచ్చి మగ్గం మీద నిలబెట్టినవాడు ఆయనే. తర్వాత ఆయన కూతురే మా ఇంటావిడ అయింది. అయితే ఆ పెళ్లి నాటికి ఆయన లేడు.

అప్పుడు మేమంతా ఒకే గదిలో, పగటి పాళీ వాళ్లు లేచిన చాపల మీద రాత్రి పాళీ వాళ్లు పడుకుంటూ బతికేవాళ్లం. ఆ ఏడు ఎండాకాలం మామ చిక్కిపోసాగాడు. కుండలో నీళ్లు నింపడమే ఆలస్యం, తాగేసేవాడు. మగ్గం ఆపి మాటిమాటికీ బయటికి పోతున్నాడని సేఠ్ కోపం చేశాడు. తర్వాత ఒకనాడు మగ్గం దగ్గరే కూలబడి, మాట తడబడి, బరువుగా ఊపిరి తీయడం మొదలుపెట్టాడు. గదికి మోసుకొచ్చి పడుకోబెట్టాం. మమ్మల్నందరినీ పనికి కుదిర్చిన ముకద్దం వచ్చి, ఆయన నోటి దగ్గర వంగి చూసి, వెంటనే తలుపు మూయమన్నాడు. "దారు తాగిండ్రా వీడు! గుజరాత్‌ల దారు బంద్ అని ఎరుక లేదా? పోలీసోడు సూస్తే గదిల అందరిని గుంజుకపోతడు" అని గుసగుసగా తిట్టాడు. కల్లు తాగే ఊళ్ల నుంచి వచ్చినవాళ్లం, నోటి నుంచి పులిసిన తీపి వాసన వస్తే మాకు ఇంకేం తోస్తుంది? మామ చుక్క ముట్టడని అందరికీ తెలుసు, అయినా ముక్కు చెప్పిందే నమ్మారు. ఒకరు మజ్జిగ తాగించారు, ఒకరు నిమ్మకాయ పిండారు, ఇంకొకడు, మామకు ఈ వయసులో షోకు పుట్టిందిరా అని నవ్వాడు. నేనూ నవ్వే ఉంటాను.

రెండో రోజుకూ మత్తు దిగకపోయేసరికి నవ్వులు ఆగాయి. ఇక పెద్దల మాట ఒకటే: ఊరికి తోలియ్యాలె. నాతోటివాళ్లకు ఈ పద్ధతి గుర్తుండే ఉంటుంది. చిన్న జ్వరమైతే గోలీ, పెద్ద రోగమైతే బండి. పెద్ద దవాఖాన లేక కాదు. అక్కడ పడుకోబెడితే పనులు మానుకుని చూసేవాళ్లెవరు, డాక్టరు అడిగేది రోగికి అర్థం కాదు, అన్నిటికన్నా ముఖ్యం, అక్కడే ప్రాణం పోతే శవాన్ని అంత దూరం చేర్చే తాహతు గదిలో ఏ ఒక్కరికీ లేదు. బతికుండగా అయితే మనిషి టికెట్టు మీద పోతాడు. అది కటికతనం అనుకునేవాళ్లం కాదు. అయినవాళ్ల మధ్యకు చేర్చడమే మేము చేయగల మర్యాద అనుకునేవాళ్లం. మామ కూడా, తెలివి వచ్చినప్పుడల్లా, "ఇంటికి పోదాం అల్లుడా" అనే అన్నాడు.

అలా నేను తోడు వెళ్లాను. సూరత్ దాటి కొంత దూరం పోయేదాకా కాస్త తెలివిగానే ఉన్నాడు. భుసావల్‌లో బండి మారడానికి దిగి కూర్చున్నప్పుడు చుట్టూ అరటి గంపలు, ఈగలు, ఆ వాసన. గంపల వాసనే అనుకున్నాను. రెండో బండి ఎక్కి, గంపలన్నీ వెనుకబడి, కిటికీలోంచి వేడిగాలి తప్ప ఇంకేమీ రాకపోయినా ఆ వాసన మాతోనే వచ్చింది. ప్రతి స్టేషన్‌లో దిగి నీళ్లు పట్టుకొచ్చాను. ఒకచోట ఆయన నా జేబులో మడిచిపెట్టిన పాత పేపరు వైపు వేలు చూపించాడు. చదివాను. ఏం చదివానో గుర్తు లేదు. ఇల్లు చేరాడు, భార్యను, కూతురిని పోల్చుకున్నాడు, మర్నాడు పొద్దెక్కక ముందే పోయాడు. ఊరంతా నన్ను మెచ్చుకుంది, ఇంటి మీదికి తెచ్చి చేర్చావని. మా ఇంటావిడ కూడా పెళ్లయిన కొత్తలో ఆ మాటే అంది, ఇన్నేళ్లూ ఆ మాట మీదే నిలబడి ఉంది.

ఆ తర్వాత ఎన్నేళ్లకో చదువుల గదిలో అట్టలేని వైద్యపు పుస్తకంలో చక్కెర జబ్బు అధ్యాయం చదివాను. విపరీతమైన దప్పి, బరువైన ఊపిరి, నోట మాగిన పండు వాసన, తాగినవాడని పొరబడే ప్రమాదం, అన్నీ వరుసగా ఉన్నాయి. వెంటనే దవాఖానలో సూదిమందు పడితే మనిషి దక్కవచ్చునని కూడా ఉంది. చదివినదేదైనా ఇంటికి వచ్చి ఆవిడకు చెప్పే అలవాటున్నవాణ్ణి, ఇది మాత్రం ఎట్లా చెప్పాలో తెలియక ఉండిపోయాను. మెచ్చుకోలు నాదా, తప్పు పెద్దలదా, అసలు తప్పనేది ఉందా, అప్పుడూ తేలలేదు, ఇప్పుడూ తేలదు.

మొన్నటి సంగతికి వస్తాను. కండె పంటి చిగుళ్లు చీము పట్టి, తిండి మానేసి, వాంతులు చేసుకుని, పొద్దున్నే పక్కకు ఒరిగిపోయింది. సరుకు తెచ్చే ప్లాస్టిక్ బుట్టలో పాత చీర పరచి, అమ్మాయిని కూడా రమ్మని, ఆటోలో తీసుకుపోయాం. డాక్టరమ్మ మా అమ్మాయి ఈడుది, ఓపికగా హిందీలో చెప్పింది: షుగర్ ముదిరి రక్తం పుల్లబడింది, ఇక్కడే కొన్ని రోజులు ఉంచి నరంలోకి నీళ్లు, మందు ఎక్కించాలి, మళ్లీ మళ్లీ రక్తం చూడాలి; ముసలి ప్రాణం కాబట్టి బతుకుతుందని మాట ఇవ్వలేను; వద్దనుకుంటే ఇంటికి తీసుకుపోవచ్చు, లేదా బాధ లేకుండా నిద్రపుచ్చవచ్చు. ఖర్చు కూడా చెప్పింది. నా పింఛనుకు అది మోయరాని బరువు. అమ్మాయి తానిస్తానంటోంది, దాని కొత్త కాపురం కామ్‌రేజ్‌లో ఇంకా కుదురుకోనే లేదు.

మనిషికి చేయనిది పిల్లికి చేయడం న్యాయమా అని ఒక మనసు. మనిషికి చేయలేదు కాబట్టి పిల్లికీ చేయకూడదనడం ఏం లెక్క అని ఇంకొక మనసు. ప్రాణులన్నీ సమానమన్న పుస్తకమూ చదివాను, ముసలి ప్రాణాన్ని బలవంతాన నిలపరాదన్న పుస్తకమూ చదివాను. రెండూ ఒకే బీరువాలో, పక్కపక్కనే ఉండేవి. డాక్టరమ్మ "బోలో కాకా, షు కర్వు ఛే?" అని, అంటే ఏం చేద్దామని అడిగింది. నా నోటి నుంచి, నేను అనుకోకుండానే, ఇంటికి తీసుకుపోతాం అన్న మాట వచ్చింది. ఎప్పటిదో ముకద్దం గొంతు నాలో నుంచి పలికినట్టయింది.

అమ్మాయి ఏడుపు ముఖం పెట్టింది. "బాపూ, ఇంటికి తీస్కపోయి ఏం చేస్తం? జల్దీ ఆలోచించు."

మా ఇంటావిడ బుట్ట దగ్గరికి వచ్చి, కండె తల నిమిరి, దాని మూతి దగ్గరికి వంగింది. లేచి నా వైపు చూసింది.

"మా నాయిన నోట్లకెల్లి గిదే వాసన."

నేను తల ఊపాను.

"ఆఖరుకు నోట్లె నీళ్లు పోసింది నేనే గద. నాకెరుకే." చీర కొంగుతో చేయి తుడుచుకుంది. "గప్పుడు గూడ దీనికి మందుండెనా? నువ్వు అన్ని సదివినోనివి, చెప్పు."

అబద్ధం ఆడే వీలుంది. ఆ రోజుల్లో ఇవన్నీ ఎక్కడివి అంటే నమ్మేది, నా చదువు మీద ఆవిడకు అంత నమ్మకం.

"ఉండె," అన్నాను.

ఆవిడ డాక్టరమ్మ వైపు తిరిగి, ఇన్నేళ్లలో కూరగాయల బండి దగ్గర తప్ప మాట్లాడని హిందీలో, "రఖ్ లో బేటా, ఇసకో ఇదరీచ్ రఖ్ లో" అని, దీన్ని ఇక్కడే ఉంచుకొమ్మంది. తర్వాత నా వైపు చూడకుండా, "దీన్ని యాడికి తోలిస్తవయ్యా? ఇది పుట్టిందే ఈడ" అంది.

కండె బతికింది. తిరిగి వచ్చినప్పుడు సగమైంది, ముందు కాలికి బొచ్చు గొరిగిన చోట గులాబి రంగు చర్మం కనబడుతోంది, బుట్టలోంచి దిగి నేరుగా వంటింటి గడప మీద కూర్చుంది. ఎన్నాళ్లుంటుందో డాక్టరమ్మకూ తెలియదు. చేసింది మంచి పనేనా అని నన్ను నేనే అడుగుకుంటుంటాను. అమ్మాయి కట్టిన డబ్బు గుర్తొస్తే ఒకలాగా, గడప మీద ఎండ కాచుకునే ఈ బక్కప్రాణిని చూస్తే ఇంకొకలాగా ఉంటుంది.

మనవాళ్లలో ఇప్పుడు ఎవరికి జబ్బు చేసినా ఊరికి ఫోను పోతుంది గాని మనిషి పోడు. మంచిదే, బతుకుతున్నారు. ఆ చదువుల గది కూడా లేదు, అక్కడ మొబైల్ దుకాణం పెట్టారు. మా అప్పటి తెలివితక్కువతనం మళ్లీ రావాలని నేను కోరుకోను. అయినా పెద్ద రోగం వస్తే బండెక్కిస్తారు, దిగేచోట నలుగురు నిలబడి ఉంటారు అనే ధైర్యం ఒకటి ఉండేది, అది ఎప్పుడు పోయిందో గమనించనే లేదు. నాకు అలాంటి రోజు వస్తే, ఇంటికి పోదాం అని నేను ఏ ఇంటిని తలచుకుని అంటానో తెలియడం లేదు.

మా ఇంటావిడ ఆ రైలు ప్రయాణం గురించి ఇంకేమీ అడగలేదు. రోజూ పొద్దున్నే సూది ఇచ్చే ముందు మాత్రం వంగి, కండె మూతి వాసన చూస్తుంది. ఏమీ లేదని తల ఊపి లేస్తుంది. లేచేటప్పుడు ఒక్కొక్కసారి నా మూతి దగ్గర కూడా ఒక్క క్షణం ఆగుతుంది.