ఒక్క కాలికి ఒక కోచ్

కువైట్‌లో, ఫహాహీల్‌లోని మా గదిలో నా మాటను సగానికి తగ్గించి వింటారు. తప్పు నాదే. మా ఊళ్లో మా గేదె ఈల వేస్తేనే పాలిచ్చేదని చెప్పినవాణ్ణి. అందుకే, శుక్రవారాలు నేను వ్యాన్‌లో తిప్పే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి ఏడుగురు కోచ్‌లంటే ఎవరూ నమ్మలేదు. పరిగెత్తేవాళ్లకి ఒకరు, అడ్డుకునేవాళ్లకి ఒకరు, ఇంకొకాయన అచ్చంగా బంతిని తన్నే ఒకే ఒక్క ఆటగాడికి.

"ఒక్క కాలికి ఒక కోచా? మరి రెండో కాలికి ఎవరండి బాబాయ్?" అన్నాడు షుఐబా ఫ్యాక్టరీల్లో వెల్డింగ్ చేసే మా గదివాడు.

ఆ ఒక్క కాలి కోచ్ ఈజిప్టు పెద్దమనిషి. మోకాలు చెడి తన ఆట మానేశాడు. రెండు వారాలుగా ఆయన శిష్యుడు తన్నిన బంతి గోల్ కర్రల పక్కనుంచి పోతోంది. ఈసారీ పోతే నీ ఉద్యోగం ఖలాస్ అని హెడ్ కోచ్ వ్యాన్‌లో అందరి ముందూ ఈయన్ని అనేశాడు. ఈయన ముఖం చూడలేక నేను నా ముందున్న అద్దాన్ని పక్కకు తిప్పేశాను.

ఆ రోజు ఆట చివరి నిమిషం. మనవాళ్లు రెండు పాయింట్లు వెనక. బంతి కర్రల మధ్యనుంచి పోతే మూడొస్తాయి. సముద్రపు గాలి విసురుగా కొడుతోంది. కోచ్ ఎత్తిన చెయ్యి దించాకే తన్నాలి, అది వాళ్ల పద్ధతి. ఈయనేమో కంగారులో వెంటనే దించేస్తాడు. నీళ్ల సీసాలు మోస్తూ రెండు వారాలు చూశాను కదా. కళ్లంలో మా అమ్మ పీటెక్కి ధాన్యం తూర్పారపట్టేటప్పుడు విసురు తగ్గేదాకా చేట వంచేది కాదు. తొందరపడితే పొట్టుతో పాటు గింజా పోతుంది.

వెళ్లి ఆయన మోచెయ్యి కింద నా చెయ్యి ఆనించాను. కాస్త ఓపిక పట్టమని "సబర్, సార్" అన్నాను. ఆయన నన్ను చూశాడు, చెయ్యి దించలేదు. కర్రల మీది రిబ్బన్లు వాలాయి.

"యల్లా," అంటూ కోచ్ చెయ్యి దించాడు.

బంతి కర్రల మధ్యనుంచి పోయి ముప్పై కిలోమీటర్ల అవతల కువైట్ సిటీలో పడిందని గదిలో చెప్పాను. వెల్డరు అది నమ్మాడు. మోచెయ్యి సంగతికి మాత్రం పడీపడీ నవ్వాడు.

మరుసటి శుక్రవారం కోచ్ అందరికన్నా ముందొచ్చి నా పక్కసీట్లో కూర్చున్నాడు. అందరూ ఎక్కారనుకుని నేను బండి తీయబోతుంటే నా మోచెయ్యి పట్టుకుని ఆపాడు. ఆయన శిష్యుడు ఇంకా రాలేదు.