రెండో రోజు డ్యూటీ

కోరుట్ల–సిరిసిల్ల బస్సులో కృపారాణి కండక్టరు. పన్నెండేళ్లుగా బహిష్టు రోజుల్లో, రెండో రోజైతే మరీ, పొత్తికడుపు మెలిపెట్టేది. టికెట్లు కొడుతూనే సీటు కడ్డీ పట్టుకుని వంగిపోయేది.

"ఆడోళ్లకు గది మామూలే బిడ్డా, ఓర్సుకో" అనేది తల్లి ఐలవ్వ.

చివరికి జగిత్యాలలో ఒక డాక్టరమ్మ ఓపిగ్గా విన్నది. "గర్భసంచి లోపలి పొరలాంటిది బయట కూడా పెరిగింది. దీన్ని ఎండోమెట్రియోసిస్ అంటారు. నీ నొప్పి అబద్ధం కాదమ్మా" అంది. ఆ మాటకే కృపారాణికి ఏడుపొచ్చింది. మందులతో తగ్గకపోవడంతో, చిన్న గాట్లు పెట్టి కెమెరాతో చూస్తూ ఆ పొరను తీసేశారు.

ఆపరేషన్ అయిన నాలుగో నెల, సిరిసిల్ల బస్టాండు నుంచి ఆమె తల్లికి ఫోన్ చేసింది.

"అవ్వా, ఇయ్యాల రెండో రోజు. కోరుట్ల నుంచి ఒక్కసారి గూడ కూసోలే!"

"ఓర్సుకొమ్మన్నది నేనే గద బిడ్డా" అంది ఐలవ్వ.

"గది ఇడిసిపెట్టవ్వా! మస్తు ఆకలైతాంది, కోడికూర వండు" అని కృపారాణి పకపకా నవ్వింది.