చెవిటిపిల్ల నెత్తిన సైరన్

మా మనవరాలికి పుట్టుచెవుడు. కళ్ళు మాత్రం డేగకళ్ళు. భవనాల ప్లాన్లు గీసే ఆఫీసులో పెద్ద ఉద్యోగం దానిది. దాని గీత చూసి అక్కడ అందరూ ఆహా ఓహో అంటారు. దాని ప్రాణం సంగతే ఎవరికీ పట్టలేదు.

ఒకరోజు ఫైర్ డ్రిల్ పెట్టారు. నిప్పంటుకుందనుకుని అందరూ కిందికి దిగిపోవాలన్నమాట. సైరన్ మోగగానే బిలబిలమంటూ దిగి, కింద నిలబడి ఫొటోలు తీసుకున్నారు. మా పిల్ల ఒక్కతే పైన గోడవైపు తిరిగి బొమ్మ గీసుకుంటూ ఉండిపోయింది. తలుపులు వేయడానికొచ్చిన వాచ్‌మన్ దాన్ని చూసి గుండెలు బాదుకున్నాడు.

సైరన్‌తో పాటు మెరిసే లైటు కావాలని అది మేనేజరుకు రాసిచ్చింది. ఆ మహానుభావుడు వెంటనే పని చేయించాడు. ఏం చేయించాడనుకున్నారు? సరిగ్గా దాని నెత్తిమీద, పాతదానికంటే గట్టిగా అరిచే సైరన్ బిగించాడు! పరీక్షకని మోగిస్తే చుట్టుపక్కల వాళ్ళు చెవులు మూసుకుని పరుగో పరుగు. ఇది తాపీగా పెన్సిల్ చెక్కుకుంటోందట.

"మళ్ళీ అడగవే" అన్నాను చేతులతో. మా ఇంట్లో కబుర్లన్నీ చేతులతోనే.

"అడిగా అమ్మమ్మా. లైట్లకి బడ్జెట్ లేదట. నాకు సన్మానం మాత్రం చేస్తారట."

సన్మానానికి నన్నూ పిలిచారు. హాలు నిండా దాని ఫొటోలే. "మా ఆఫీసు అందరి మాటా వింటుంది" అంటూ మేనేజరు మైకులో ఊదరగొట్టాడు. ఆ సోదంతా దానికి చేతులతో చెప్పే మనిషిని పిలవాలని మాత్రం తోచలేదు. షీల్డు ఇవ్వబోతే ఇది అందుకోకుండా గబగబా చేతులు తిప్పింది. అందరూ చప్పట్లు. మేనేజరు మరీనూ.

"ఏమంటోంది బామ్మగారూ? థాంక్సా?"

లేచాను. "కాదు నాయనా. నిప్పంటుకుంటే వదిలేసి పోయేవాళ్ళ షీల్డు నాకొద్దు, లైటు పెట్టేదాకా స్టేజీ దిగను అంటోంది. నువ్వు చప్పట్లు కొట్టింది దానికే."

మేనేజరు మొహం మాడిపోయింది. వెనకనుంచి ఒకమ్మాయి అరిచింది: "ఆ సైరన్ కూడా తీసేయండి సార్, మాకే చెవుడొచ్చేలా ఉంది!"

మైకు చూసుకుంటున్న ఎలక్ట్రీషియన్‌ని పరిగెత్తించారు. అతగాడు ఎక్కడినుంచో ఒక లైటు పట్టుకొచ్చి, ఆఫీసులో మా పిల్ల కూర్చునే చోట పైన బిగించి వచ్చాడు. మేనేజరు మళ్ళీ షీల్డు అందించబోయాడు. మళ్ళీ దీని చేతులు కదిలాయి.

"ఇప్పుడేమంటోంది?" నీరసంగా అడిగాడు.

"నేనేమన్నా కుండీలో మొక్కనా, ఉన్నచోటే ఉండటానికి? బాత్రూంలో ఉంటే? క్యాంటీన్‌లో ఉంటే? రేపు నాలాంటివాళ్ళు ఇంకొకరు చేరితే? అంటోంది."

"అవన్నీ తర్వాత చూద్దాం బామ్మగారూ."

"చూడు నాయనా, తొందరేం లేదు" అని స్టేజీ ఎక్కి అతని కుర్చీలోనే కూర్చున్నాను. కాసేపు నన్నూ దాన్నీ మార్చి మార్చి చూశాడు. చివరికి ఎలక్ట్రీషియన్‌కి సైగ చేశాడు. చేతులతో చెప్పడం అతనికీ వచ్చన్నమాట! నిచ్చెన బాత్రూం వైపు కదిలాకే మా పిల్ల షీల్డు అందుకుని స్టేజీ దిగింది.

షీల్డు బరువుగానే ఉంది. వంటింటి తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టుకున్నాం.