తొమ్మిది వేల తొమ్మిది వందల డెబ్బై మూడు

నా చిన్నప్పుడు నేను నేనేనని రుజువు చేసుకోవడానికి మొహం సరిపోయేది. ఇప్పుడు బ్యాంకువాళ్ళు ఫోనుకు ఆరంకెల సంఖ్య పంపుతారు, గడువులోపు దాన్ని కొట్టాలి. నా చేత కాదు. సంఖ్య కనబడగానే అది దేనితో భాగిస్తే పోతుందో చూడబుద్ధవుతుంది. చూసేలోపు గడువు దాటుతుంది. తప్పు బ్యాంకుది కాదు, మా మేనత్తది.

మాది మార్కాపురం. నాయన పలకల గనిలో పనిచేసేవాడు. ఊళ్ళో నీళ్ళతో సహా అన్నిటికీ కరువే గాని, పగిలిన పలక ముక్కలకు లోటు లేదు. ఒక ఎండాకాలం అమ్మకు విషజ్వరం తగిలితే, చూసుకోవడానికి మేనత్త గిద్దలూరు నుంచి వచ్చింది. పగలు వంట, రాత్రి జాగారం. పాపం, నిలబడే కునుకు తీయడం నేర్చుకుంది. నా వంతు సాయంగా నేను మాటిమాటికీ వెళ్ళి, అమ్మ ఎప్పుడు లేస్తుందని అడిగేవాణ్ణి.

ఒక పూట ఆమె ఓపిక అయిపోయింది. ముందు నోటికి వచ్చిన సంఖ్య ఒకటి చెప్పింది, పదివేలకు ఇరవై ఏడు తక్కువ. "శేషం లేకుండా దాన్ని ఏది భాగిస్తాదో కనుక్కో అల్లుడా. నువ్వు కనుక్కునే పొద్దుకు మీ అమ్మ లేస్తాది."

ఆమె అన్నది నన్ను కాసేపు వసారాలో కూర్చోబెట్టడానికి. నేను విన్నది వేరు. నేను కనుక్కుంటేనే అమ్మ లేస్తుంది.

ఒక్కో ముక్క మీద ఒక్కో భాగహారం. రెండుతో ఒకటి మిగిలింది. మూడుతోనూ ఒకటే. రెండుతో పోనిది నాలుగుతో పోదని అప్పటికి తెలియదు గనుక నాలుగు, ఆరు, తొమ్మిది, పన్నెండు, చివరికి ముప్పై ఆరుతో కూడా చూశాను. అన్నిట్లోనూ ఆ ఒకటే. పదమూడుతో రెండు మిగిలింది. వచ్చిన ఎక్కాలు ఇరవైతో అయిపోతే, పైవి సొంతంగా కట్టుకుని నూరు దాకా వెళ్ళాను. అంతకు మించి వెతకనక్కర్లేదని కాలేజీలో తెలిసింది. నూరుకు పైనున్నది ఏదైనా దాన్ని భాగిస్తే, దాని జోడు నూరులోపే నాకు దొరికి ఉండేది. ఇలాంటి మొండిదాన్ని ప్రధాన సంఖ్య అంటారనీ అక్కడే చెప్పారు. అప్పటికి నాకు తెలిసిందల్లా వసారా నిండా ముక్కలు, లోపల అమ్మ మూలుగు.

అన్నానికి రాలేదని అత్త వెతుక్కుంటూ వచ్చింది.

"దేనితోనూ పోలేదత్తా. ఇంక అమ్మ లేవదు."

ఆమెకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. చెంబు కింద పెట్టి, ముక్కల మధ్య చతికిలబడి, ఒక్కొక్కటే తీసి చూసింది. ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని ఆశ. దొరకలేదు. నా లెక్కలు సరిగ్గా ఉన్నందుకు మా ఇంట్లో ఒకరు బాధపడటం అదొక్కసారే.

"ఒకటితో చూసినావా?" అంది.

"ఒకటితో ఎవురైనా చూస్తారా?"

"శేషం ఉండగూడదంటిని గాని, పెద్దదే కావాలంటినా?"

చూశాను. శేషం సున్న. అంతసేపూ మిగిలి ఏడిపించిన ఒకటే చివరికి పనికొచ్చింది. అత్త ఆ ముక్కను తీసుకుపోయి అమ్మ తలగడ పక్కన పెట్టింది.

తర్వాత ఆసుపత్రి వరండాల్లో చాలాసార్లు కూర్చున్నాను. చీటీ మీది సంఖ్యను రెండుతో మొదలుపెట్టి భాగిస్తుంటాను. ఏదీ పోకపోతే ఒకటి ఉండనే ఉంది. అన్నిసార్లూ పనిచేసిందని చెప్పను.

ఆ ఎండాకాలం చేసింది. జ్వరం దిగి, గోడ పట్టుకుని మొదటిసారి వసారాలోకి వచ్చిన మా అమ్మ ఆ పలక ముక్కల గుట్టను చూసింది, నన్ను చూసింది.

"ఈ చెత్తంతా ఎవురెత్తిపోస్తారు?"