ఆక్సీమీటర్‌కు నేను చెప్పిన అబద్ధం

రెండో క్యాంపులో బూటు లేసు కట్టుకోవడానికి వంగి లేచేసరికి ఊపిరి అందలేదు. వంగితే ఎవరికైనా ఆయాసం వస్తుందిలే అనుకున్నాను. పొడి దగ్గు మాత్రం పొద్దుటి నుంచీ వదలడం లేదు. అప్పుడే కిందికి దిగిపోయి ఉంటే ఇది రాయాల్సిన పని ఉండేది కాదు.

నాకు నలభై రెండేళ్లు. యూనివర్సిటీ పరీక్షల విభాగంలో ఉద్యోగం, తార్నాకలో ఇల్లు. మా ఆఫీసు నుంచి ఐదుగురం హిమాలయ ట్రెక్‌కి పేర్లిచ్చాం. వెబ్‌సైట్‌లో ఆ దారి కష్టం 'మోడరేట్', అంటే మధ్యరకం, అని ఉంది. ఆ మాటకు అర్థం అందరికీ నేనే చెప్పాను: క్యాంపస్ రోడ్డు మీద ఐదు కిలోమీటర్లు నలభై నిమిషాల్లో పరిగెత్తగలిగితే చాలని. నాకు ముప్పై నాలుగు నిమిషాలు పట్టేది. ఐదుగురిలో ఒకరైన మేరీకి యాభై. మేరీ మా సెక్షన్ అటెండర్, లాలాపేట్‌లో ఉంటుంది, ఫైళ్లు పట్టుకుని రోజంతా మూడంతస్తులు ఎక్కి దిగుతుంది. "నీకు హిమాలయాలెందుకే, తార్నాక ఫ్లైఓవర్ ఎక్కి దిగు, అదే పదివేలు" అని అందరి ముందూ ఎగతాళి చేశాను. ఆమె కూడా నవ్వింది. పరుగు మాత్రం మానలేదు.

ట్రెక్‌లో రోజూ సాయంత్రం గైడ్ మా వేలికి ఆక్సీమీటర్ పెట్టి రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూసేవాడు. నంబరు బాగా పడిపోయినవాళ్లను మర్నాడు పైకి పంపడు. రెండో క్యాంపులో ఆ సాయంత్రం ముందుగా మా గుడారంలోనే నా మీటర్‌తో చూసుకున్నాను. డెబ్బై ఒకటి. ఆఫీసులో బయోమెట్రిక్ మెషిన్ వేలు తీసుకోకపోతే మేమంతా ఏం చేస్తాం? రుద్దుతాం, ఊదుతాం, పచ్చలైటు వెలిగేదాకా వదలం. ఇక్కడా అదే బుద్ధి. వేడి టీ గ్లాసుకు వేలు ఆనించి, ఐదు నిమిషాలు గట్టిగా ఊపిరి లాగి వదిలి, వెంటనే వెళ్లి గైడ్ ముందు చెయ్యి చాపాను. ఎనభై మూడు. "గుడ్, మేడం" అన్నాడు.

మేరీ అంతా చూసింది.

"అక్కా, గిదేంది? ఇప్పుడే డెబ్బై ఒకటి ఉండె గదా. ఈ దగ్గు మంచిగ లేదు. నేను పోయి గైడ్ సార్‌కు చెప్తా."

"చెప్పావంటే జన్మలో నీ మొహం చూడను. నువ్వు ఎక్కలేక నన్నూ దింపాలని చూస్తున్నావు."

ఆ మాట ఎందుకన్నానో నాకు తెలుసు. ఆమెకు తొంభై వచ్చింది.

మర్నాడు మూడు గంటలు ఎక్కాను. తర్వాత పది అడుగులు కూడా వేయలేకపోయాను. దగ్గితే గులాబీ రంగు నురగ పడింది. ఛాతీలో గరగర నాకే వినిపించింది. మేరీ ఏడుస్తూ గైడ్‌కి అంతా చెప్పేసింది. నన్ను స్ట్రెచర్‌కి కట్టి దింపారు. నా ముఖానికి ఆక్సిజన్ మాస్కు, దాని సిలిండర్ మేరీ చేతిలో. రాళ్ల వాలులో ఆమె జారింది. సిలిండర్ వదిలేస్తే నా మాస్కు ఊడిపోతుంది. వదల్లేదు. మోకాలు మెలితిరిగింది. ఆ కాలితోనే రోడ్డుదాకా నడిచింది.

ఆస్పత్రిలో ఎక్స్‌రే చూసి డాక్టర్ హిందీలో చెప్పాడు: "హై ఆల్టిట్యూడ్ పల్మనరీ ఎడీమా. లంగ్స్‌లో నీళ్లు. మీ పరుగుకీ దీనికీ సంబంధం లేదు. ఇంకొక్క రాత్రి పైనే ఉంటే బతికేవారు కాదు." ఆక్సిజన్ పెట్టారు, నిఫెడిపిన్ మాత్రలు ఇచ్చారు. తగ్గుతోందనుకుంటే మూడోరోజు జ్వరం, ఇన్ఫెక్షన్, మళ్లీ ఆక్సిజన్. పదిరోజులు మంచం దిగలేదు.

హైదరాబాద్ వచ్చాక మళ్లీ ఎక్స్‌రే, ఎకో. "లంగ్స్ క్లియర్. టోటల్లీ నార్మల్ మేడం" అన్నారు పల్మనాలజిస్ట్. అదే ఆస్పత్రి కింది అంతస్తులో మేరీకి ఎంఆర్‌ఐ. లిగమెంట్ పూర్తిగా తెగింది. సర్జరీ అయింది, నెలల తరబడి ఫిజియోథెరపీ అయింది, మోకాలు సగమే వంగుతోంది. "మెట్లు ఎక్కే పని ఇక వద్దు" అన్నారు ఆర్థో డాక్టర్. మెట్లెక్కని అటెండర్‌తో మా సెక్షన్‌కు పనిలేదు. హాస్టల్ గేటు దగ్గర రిజిస్టర్ ముందు కూర్చోబెట్టారు.

నా రిపోర్టు సంగతి చెబితే "మంచిగైంది అక్కా" అంది. నోరారా తిట్టి ఉంటే బాగుండేది.

ఇప్పుడు మళ్లీ పరిగెడుతున్నాను. నిన్న ముప్పై మూడు నిమిషాలే పట్టింది. నా దారి ఆ హాస్టల్ గేటు ముందు నుంచే. అది కనబడగానే పరుగు ఆపి నడుస్తాను. ఆమె కుర్చీలోంచే చెయ్యి ఊపుతుంది. సిగ్గుతో చచ్చిపోతాను.

ట్రెక్‌కి వెళ్లేవాళ్లకు నా మాట ఇదీ. 'మోడరేట్' అన్నది ఆ దారి సంగతి, మీ ఊపిరితిత్తుల సంగతి కాదు. మీటర్‌లో ఎంత వస్తే అంతే చూపించండి. మీ కాళ్లతో మీరు దిగగలిగినప్పుడే దిగిపోండి. నేను మేరీ కాళ్లతో దిగాను.